ఇనుము ముట్టనన్న మాట

బైండింగు షాపు మేడమీద గది,
సోమవారం ఉదయం

బావా,

ఇనుము ముట్టనని మాటిచ్చావు. వస్తాదు గారి ఎదురుగా, గోదా అంచున మోకాళ్ళమీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని మరీ ఇచ్చావు. సెలక్షన్ పోటీలు అయ్యేదాకా ఇద్దరం ఒంటి బరువుతోనే తయారవుదాం, దండీలు, బస్కీలు, తాడెక్కడం, తలా కాళ్ళూ ఆనించి మెడమీద వంతెన కట్టడం తప్ప ఇంకో సాధన జోలికి పోవద్దు అనుకున్నాం. నేను నిలబెట్టుకున్నాను. నువ్వు సాయంత్రాలు ఎక్కడికో మాయమై, అరచేతుల్లో తుప్పు మరకలతో తిరిగొచ్చేవాడివి. అడిగితే సైకిల్ చెయిన్ ఊడిందన్నావు. నీకు సైకిలే లేదు.

సెలక్షన్ రోజున నన్ను నడుం దగ్గర పట్టి, పాత పరుపును ఎత్తినట్టు ఎత్తి పడేశావు. జట్టులో ఉన్న ఒక్క స్థానం నీకు దక్కింది. తర్వాత అక్కను కూడా నీకే ఇచ్చాం, అది వేరే నష్టం.

ఇన్నేళ్ళ తర్వాత ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్లో నీ గొంతు వింటే నాకు రక్తపోటు పెరుగుతుంది. కాగితం మీదైతే మధ్యలో అడ్డు తగలలేవు.

నీ మనవరాలు ఉడుము వచ్చింది. మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగమట. నా పుస్తకాల గదిలో దిగింది. దిగిన పూటే పుస్తకాలన్నీ మంచం కిందకు తోసి, మధ్యలో చాప పరిచి, మెడమీద వంతెన కట్టి, తలకిందులుగా నన్ను చూస్తూ, "తాతయ్యా, వచ్చే వసంతంలో పెద్ద జట్టు సెలక్షన్. నన్ను తయారుచెయ్యాలి మీరు" అంది. ఇక్కడి కుస్తీ హాల్లో చాప ఉంది, పట్లు పట్టడానికి తోటి ఆడపిల్లలున్నారు, బలం పెంచే మనిషి మాత్రం లేడట. "మీ కన్నా గట్టి మెడ ఉన్న మనిషి లేడని తాత చెప్పాడు" అని కూడా అంది. నువ్వు నన్ను పొగిడావంటే ఏదో అవసరం ఉండే ఉంటుంది.

తయారుచేస్తాను. అయితే నా పద్ధతిలోనే. ఇనుము ఛాయలకు కూడా పోనివ్వను. కుస్తీలో ఎదుటి మనిషి కదులుతుంది, మెలి తిరుగుతుంది, జారుతుంది, మోసం చేస్తుంది. ఇనుప కడ్డీ ఇవేవీ చెయ్యదు, పెట్టినచోట పడుంటుంది. దానితో తయారైనవాడు దానితోనే కుస్తీ పట్టుకోవాలి. "నీ ఒళ్ళే నీ మాట విననప్పుడు ఇంకొకడి ఒళ్ళు ఎందుకు వింటుంది?" అనేవారు వస్తాదు గారు. జీవితమంతా ప్రెస్సులో కూర్చుని పెద్ద పెద్ద రచయితల ప్రూఫులు దిద్దాను. అంత సూటిగా రాసినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు.

నువ్వు మాట తప్పి గెలిచావు. నీ రక్తాన్నే మాట మీద నిలబెట్టి గెలిపిస్తాను. అప్పుడు చూద్దాం.

అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావమరిది

*

సామాన్ల లారీల షెడ్డు,
గురువారం

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. "అది వేరే నష్టం" అన్నచోట ఆపి, ఎవరికి నష్టమో తేల్చి రాయమంది. నువ్వే తేల్చుకో, నన్ను ఇరికించకు.

అవును, ఇనుము ఎత్తాను. ఎత్తలేదని నేనెప్పుడన్నాను? సైకిల్ సంగతంటావా, అబద్ధానికి కూడా సాధన ఉండాలి, నాకది లేదు. ఇప్పుడూ లేదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయించే వ్యాపారం నాది. బీరువా గోడకు గీసుకుంటే "ముందు నుంచే ఉందండీ ఆ గీత" అని చెప్పడం కూడా రాక, కొడుకుచేత తిట్లు తింటుంటాను.

అది వదిలెయ్. ఉడుము సంగతి వినుకో. దాని పట్టు ఎలాంటిదో నీకు చెప్పక్కర్లేదు, చిన్నప్పుడు నా మీసం పట్టుకుంటే ముగ్గురు విడిపించాల్సొచ్చేది, ఆ పేరే అలా వచ్చింది. తోసే బలం ఉంది, లాగే బలం ఉంది. నేలమీంచి మనిషిని లేపే బలం లేదు. దండీ తీసినప్పుడు భూమిని తోస్తాం. తాడెక్కినప్పుడు మనల్ని మనం లాగుకుంటాం. మరి చాపమీద బోర్లా పడుకుని, చచ్చినట్టు బిగుసుకున్న మనిషిని నడుం పట్టి లేపడానికి నీ సాధనలో ఏముందిరా? మా కూలీ కుర్రాళ్ళలో ఒకడు గోడెక్కమంటే పిల్లిలా ఎక్కుతాడు. ఫ్రిజ్జు కింద చెయ్యి పెట్టమంటే ముఖం తేలేస్తాడు.

నీ పద్ధతి మానమనను. దాని పక్కన కాస్త ఇనుము పెట్టు. వారానికి రెండు పూటలు, నేలమీంచి కడ్డీ లేపనివ్వు చాలు. నీ మాట కాదని అది చెయ్యదు. నువ్వంటే దానికి నాకంటే ఎక్కువ భయం, నాకంటే ఎక్కువ ఇష్టం కూడా. ఎందుకో నాకర్థం కాదు.

నేనెందుకు ఇనుము ఎత్తానో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు నువ్వు. ఇప్పుడూ అడగొద్దులే.

బావ

*

బైండింగు షాపు మేడమీద గది,
ఆదివారం

బావా,

అడగను. దొంగను ఎందుకు దొంగిలించావని అడిగి తెలుసుకునేదేమీ ఉండదు.

నీ ఉత్తరానికి జవాబు రాయని ఈ మూడు నెలల్లో నీ మనవరాలు ఏమేం చేస్తోందో విను. కాళ్ళు వాడకుండా తాడెక్కి, అంతే నెమ్మదిగా దిగుతుంది. ఒంటికాలి మీద కూర్చుని లేస్తుంది. వంతెన కట్టినప్పుడు కింది షాపు బైండరు అట్టల కట్ట తెచ్చి దాని పొట్టమీద పెట్టి, "ఇక్కడ ఆరబెట్టుకోవచ్చా అమ్మా?" అన్నాడు. పెట్టుకోమంది. కింద పడినప్పుడు దాన్ని వెల్లకిలా అదిమి ఉంచగలిగిన పిల్ల ఇక్కడి హాల్లో లేదు. నడుం విల్లులా లేస్తుంది, మీదున్నది ఎగిరి పడుతుంది. నీ ఇనుము ఈ మెడ ఇవ్వగలదా?

నిన్న చిన్న పోటీలు జరిగాయి. మొదటి రెండు కుస్తీలూ సునాయాసంగా గెలిచింది. మూడోదాంట్లో ఓడింది.

దాచను, ప్రూఫులు దిద్దేవాడికి తప్పు దాచడం చేతకాదు. ఎదుటి పిల్ల ఒక పాయింటు ముందుంది. మనదాని దెబ్బకు బోర్లా పడింది కూడా. పడి, కవరుకు స్టాంపు అంటుకున్నట్టు చాపకు అంటుకుపోయింది. ఉడుము నడుం చుట్టూ చేతులు బిగించింది. లాగింది. చేతులు బాగున్నాయి, వీపు బాగుంది. ఆ పిల్ల మాత్రం లేవలేదు. మళ్ళీ లాగింది. బల్లలమీంచి ఎవడో "అమ్మాయ్, ఏదైనా పడేసుకుని వెతుకుతున్నావా?" అని అరిచాడు, జనం నవ్వారు. గంట కొట్టేదాకా అలాగే లాగుతూ ఉంది.

బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చుంది. దిగేముందు అంది: "తాతయ్యా, నడుం కింద ఏదో లేదు నాకు. చేతులు పట్టుకుంటున్నాయి, కింద ఎవరూ లేరు సాయానికి." డిపో దగ్గర జిమ్ముంది, వెళ్ళొచ్చా అని అడిగింది. ఇనుము ముట్టుకున్న చేత్తో నా గడప తట్టొద్దని చెప్పాను. సరేనంది.

నువ్వు చెప్పిందే జరిగిందని చంకలు గుద్దుకోకు. సాధన ఇంకా పెంచుతాను. ఒంటికాలి బస్కీలు పెంచుతాను, వంతెన పెంచుతాను. వస్తాదు గారి ఫోటో నా బల్లకు ఎదురుగా ఉంది. రోజూ ఆ ముఖం చూసి లేచే మనిషిని, మాట మార్చలేను. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. నువ్వు చెప్పావు.

బావమరిది

*

సామాన్ల లారీల షెడ్డు,
మంగళవారం

బావమరిదీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. "రాయి, లేకపోతే నేను ఫోన్ చేసి చెప్తాను" అంది మీ అక్క. తనకు మొదట్నించీ తెలుసు.

ఉడుము మొన్న మాతో మాట్లాడింది. ఈసారి పోతే మళ్ళీ ప్రయత్నించనంది. ఏడ్చుంటే భయపడేవాణ్ణి కాదు, మామూలుగా చెప్పింది. అద్దాలు అరగదీసే పని కూడా బాగానే ఉందిలే తాతా, అంది. అందుకని రాస్తున్నాను. నువ్వు ఎవరి మాట పట్టుకుని దాన్ని ఆపుతున్నావో ఆయన సంగతి నీకు తెలియాలి.

మనం మాట ఇచ్చుకున్న వారానికి వస్తాదు గారు నన్ను ఒక్కణ్ణే పిలిచారు. నువ్వు స్నానానికెళ్ళావు. "రేపట్నించి సాయంత్రాలు కొలిమి దగ్గరికెళ్ళు. ఇనుము ఎత్తిస్తాడు" అన్నారు. కొలిమి గుర్తున్నాడుగా, అవతలి గోదా ఆయన, రేకుల షెడ్డు నిండా ఇనుమే పెట్టుకుంటే మనమే ఆ పేరు పెట్టాం. "మాటిచ్చానండీ" అన్నాను. "ఇప్పించింది నేను. నీ వరకు వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. "మరి వాడికి?" అన్నాను. "వాడు అలాగే ఉండాలి. మీరిద్దరూ ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే రోజు నా దగ్గర చేరారు. ఒకడికి ఇనుము పెట్టి, ఒకడికి పెట్టకపోతే ఏది గొప్పో తేలుతుంది. వాడికి చెప్పావంటే లెక్క చెడుతుంది. నేను బతికుండగా చెప్పనని మాటివ్వు" అన్నారు.

ఇచ్చాను. ఆ వయసులో ఆయన బావిలో దూకమన్నా దూకేవాణ్ణి, నువ్వూ అంతే.

ఆయన పోయాక చెప్పొచ్చుగా అంటావు. చెప్దామనే వచ్చాను. సంతాపసభలో నువ్వు మాట్లాడావు. మధ్యలోనే ఆపేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయావు. మనిషికి తిట్టుకోవడానికొకడు, దండం పెట్టుకోవడానికొకడు కావాలిరా. దండం పెట్టుకునేవాణ్ణి లాగేస్తే నీకేం మిగలదనిపించింది. తిట్టుకోవడానికి ఎలాగూ నేనున్నాను, అలవాటైపోయింది కూడా. నోరు మూసుకుని రైలెక్కాను.

ఇప్పుడు దానికోసం తెరిచాను. ఇనుము పెట్టు దానికి.

బావ

*

బైండింగు షాపు మేడమీద గది,
శుక్రవారం

అబద్ధం. చచ్చిపోయినవాడు వచ్చి కాదనలేడని ధైర్యం. ఇంత వయసొచ్చి, ఇంత నీచానికి దిగుతావనుకోలేదు. ఇంక రాయకు.

*

సామాన్ల లారీల షెడ్డు,
సోమవారం

రాయొద్దన్నావు, అందుకని ఒక్క ముక్కే. కొలిమి బతికే ఉన్నాడు. మీ ఊళ్ళోనే, నీళ్ళ ట్యాంకు వెనక వృద్ధుల ఆశ్రమంలో. వెళ్ళి అడుగు.

*

బైండింగు షాపు మేడమీద గది,
బుధవారం

బావా,

వెళ్ళాను. నిన్ను అబద్ధాలకోరుగా నిరూపించి, ఆ సాక్ష్యాన్ని నీ ముఖాన కొట్టడానికే వెళ్ళాను. ఉడుమును తోడు తీసుకెళ్ళాను, సాక్షిగా.

వసారాలో చక్రాల కుర్చీలో కూర్చుని కాళ్ళు ఎండలో పెట్టుకున్నాడు. చూపు బాగా తగ్గింది. నోరు తగ్గలేదు. "ఎవరది? నడక చూస్తే కుస్తీవాడు, దగ్గు వింటే బడిపంతులు" అన్నాడు. చెప్పాను. మా గోదా పేరు వినగానే కుర్చీలో ముందుకు జరిగాడు.

"మేం పరీక్ష పెట్టిన ఆ ఇద్దరు కుందేళ్ళలో ఒకడివా? ఏ కుందేలువి? ఇనుము తిన్నదానివా, గాలి తిన్నదానివా?"

ఉడుమే జవాబు చెప్పింది. "గాలి తిన్నాయన అండీ."

"ఓడిపోయిన కుందేలా! కూర్చో, కూర్చో. అమ్మాయ్, ఆ స్టూలు లాగు."

అన్నీ చెప్పాడు. నువ్వు రాసిందానికి ఒక్క అక్షరం తేడా లేదు. ఇద్దరు వస్తాదులూ ఏళ్ళ తరబడి టీ కొట్టు దగ్గర ఇదే వాదించుకునేవారట. ఒంటి బరువా, ఇనుమా? చివరికి మన వస్తాదు గారే అన్నారట, నా దగ్గర ఒకే అచ్చులో పోసిన కుర్రాళ్ళు ఇద్దరున్నారు, పరీక్ష పెడదాం అని.

"తేలిందా మరి?" అన్నాను.

"ఏం తేల్తుంది, నా మొహం! ఆ రోజు నేను చాప పక్కనే ఉన్నాను. నీ ఎడమ పాదం చెమటకు జారింది. ఆ అరక్షణంలో వాడి తుంటి నీ తుంటి కిందకు దూరింది. అది పట్టు. ఇనుమూ కాదు, గాలీ కాదు. నేను ఇనుము పక్షం వాణ్ణి, నాకే సిగ్గేసింది దాన్ని గెలుపనడానికి. మీ వస్తాదు మాత్రం తేలిపోయిందన్నాడు. ఇనుమే గెలిచిందని నా చెవిలో ఒప్పుకున్నాడు."

"మరి బయట ఎప్పుడూ అలా చెప్పలేదే?"

"అదే అడిగాను నేనూ. ఇన్నేళ్ళు చెప్పినదానికి ఎదురు చెప్తే నా గోదాకు ఎవడొస్తాడు అన్నాడు."

బావా, నేను చాలా పుస్తకాలు చదివాను. రాజులు సైన్యాన్ని బలిపెట్టిన చరిత్రలు చదివాను, వైద్యులు ఖైదీల మీద మందులు పరీక్షించిన వృత్తాంతాలు చదివాను. ప్రతిసారీ అవతలివైపు కూర్చుని, పెన్సిలు పట్టుకుని చదివాను. ఇద్దరు కుర్రాళ్ళతో ఏ సిద్ధాంతమూ తేలదని నాలుగు అక్షరాలు చదివిన ఎవడైనా చెబుతాడు. ఆ పాటి తెలియని మనిషి చేతిలో పెట్టాం మన ఒళ్ళు. పోనీ, ఆయన లెక్క ప్రకారం తేలిందే అనుకుందాం. తేలిన తర్వాత ఏళ్ళ తరబడి నా భుజం తట్టి, "నువ్వే నా అసలు శిష్యుడివి, ఇనుము ముట్టని వాడివి" అని ఎలా అన్నాడు? నేను కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి.

ఆశ్రమం గేటు దాటాక బస్‌స్టాపు బల్లమీద కూర్చున్నాం. నీ మనవరాలు, నెమ్మదిగా, షాపులో అద్దం తుడిచినంత జాగ్రత్తగా అంది:

"మరి నేను ఏ కుందేల్ని తాతయ్యా?"

"అదేం మాటే?"

"మీరు తాత మీద గెలవాలి. అందుకని నేను ఇనుము ముట్టకూడదు. మీ వస్తాదు గారు కొలిమి గారి మీద గెలవాలి, అందుకని మీరు ముట్టకూడదు. ఏంటి తేడా? మీ ముసలాళ్ళ వాదనలు రాసుకోడానికి నా ఒళ్ళేమైనా పలకా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాసి పంపు, దానికి వినిపిస్తాను.

ఇంటికొచ్చాక షరతులు పెట్టింది. షరతులంటే ఆజ్ఞలే. ఏ రోజు ఇనుము, ఏ రోజు తాడు, ఏ రోజు వంతెన, అన్నీ తనే చెబుతుందట. నేను పక్కన నిలబడి వీపు వంగితే అరవాలట. "తిట్టడం మీకు బాగా వచ్చుగా తాతయ్యా, దాన్ని ఇలా వాడుకుందాం" అంది. బుద్ధులన్నీ అక్కవే.

నిన్న డిపో పక్కనున్న ఆ జిమ్ముకు వెళ్ళాం. గోడలన్నీ అద్దాలు. కుర్రాళ్ళు తమ చేతుల్ని తామే ప్రేమగా చూసుకుంటున్నారు. ఉడుము తిన్నగా మూలనున్న కడ్డీ దగ్గరకు పోయింది. లేపింది. వీపు వంగింది, అరిచాను. మళ్ళీ లేపింది. బాగా లేచింది. కడ్డీకి ఇంకో ఇనుప పళ్ళెం ఎక్కించాలంది. దాని చేతులకు సుద్ద, ఎక్కించేవాడు చుట్టుపక్కల లేడు. నేను ఎక్కించాను.

అవును. ఆ రోజు మాట ఇచ్చుకున్న ఇద్దరిలో రెండోవాడూ తప్పాడు. గదికొచ్చి చేతులు సబ్బుతో రుద్దినా ఆ పాత తుప్పు పోలేదు. అడిగితే సైకిల్ చెయిన్ అని చెబుదామనుకున్నాను. అడిగేవాళ్ళు లేరు.

నిన్ను క్షమించానని రాయలేదు, గమనించు.

బావమరిది

*

సామాన్ల లారీల షెడ్డు,
శనివారం

ఒరేయ్,

గమనించాను. క్షమాపణ నాకెందుకు, బీరువాలో పెట్టుకోనా.

నువ్వు ఇనుప పళ్ళెం ఎక్కించావని చదవగానే మీ అక్క ఉత్తరం లాక్కుని రెండోసారి తనే చదువుకుంది. వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చి, "వాడి నడుం జాగ్రత్త అని రాయండి" అంది. రాశాను.

దాని ప్రశ్నకు జవాబు నా దగ్గరా లేదు. బస్‌స్టాపులో నిన్ను అడిగిందిగానీ సగం నన్నే అడిగింది. దాన్ని నీ దగ్గరికి పంపినప్పుడు నేననుకున్నదేమిటో తెలుసా? ఇది ఇనుము అడుగుతుంది, నువ్వు కరుగుతావు, అప్పుడు నేను చేసిన తప్పు చిన్నదైపోతుంది అనుకున్నాను. నేనూ రాసుకున్నాను దాని ఒంటిమీద, చిన్న అక్షరాలతో.

ఒక్క సలహా. సలహా ఇవ్వొద్దంటే చింపెయ్. కడ్డీ తిన్నగా లేస్తుంది, మనిషి తిన్నగా లేవదు. మా వాళ్ళకు పరుపు మోయడం నేర్పేటప్పుడు చెప్తాను, బీరువా కన్నా పరుపే కష్టం, అది ఎటుపడితే అటు వంగుతుందని. ఏదైనా సంచీలో ఇసుక పోసి వదులుగా కట్టి, నేలమీంచి లేపించు. నీ పద్ధతిలో కదిలేదీ, నా పద్ధతిలో బరువుండేదీ ఒకటే సంచీలో ఉంటాయి. దీన్ని రాజీ అనుకోకు, పరుపు అనుకో.

పోటీలకు రమ్మంటావా?

బావ

*

బైండింగు షాపు మేడమీద గది,
ఆదివారం

రావద్దు. నువ్వు పక్కన కూర్చుంటే నేను కుస్తీ చూడలేను, నిన్నే చూస్తాను. అంతా రాస్తాను.

ఇసుక సంచీ చేయించాను. బైండరు తన మందపాటి దారంతో రెండు వరసలు కుట్టాడు. మొదటి రోజే దానిమీద బొగ్గుతో మీసాలు గీసింది ఉడుము. ఎవరి మీసాలో అడగలేదు.

బావమరిది

*

బైండింగు షాపు మేడమీద గది,
మంగళవారం

బావా,

సెలక్షన్ ఫలితం ఉడుము ఫోన్లో చెప్పేసిందని తెలుసు. అయినా నేను చూసింది నేను రాయాలి.

ఆఖరి కుస్తీలో ఎదురుపడ్డది ఆ స్టాంపు పిల్లే. ఈ మధ్యలో ఆ పిల్లా ఊరికే కూర్చోలేదు, భుజాలు పెరిగాయి. మొదటి సగంలో మనదాన్ని వెనక్కి నెట్టి, కాలు పట్టి పడేసి మీదెక్కింది. వీపు చాపకు ఆనబోతోంది. మెడ లేచింది. వంతెన కట్టింది. బైండరు అట్టలు ఆరబెట్టుకున్న వంతెన అది. ఆ పిల్ల కిందమీదా పడింది, జారిపోయింది. అది నా సాధన, రాసి పెట్టుకో.

రెండో సగంలో మనది ఇంకా వెనకబడే ఉంది. ఆ పిల్లను దొరికించుకుని బోర్లా పడేసింది. ఆ పిల్ల మళ్ళీ చాపకు అంటుకుంది, మొహంలో నవ్వు కూడా కనబడింది నాకు. పోయినసారి జ్ఞాపకం ఉన్నట్టుంది. ఉడుము చేతులు నడుం చుట్టూ బిగిశాయి. తొందరపడలేదు. మోకాళ్ళు దగ్గరకు తెచ్చుకుంది. తుంటి కిందకు, ఇంకా కిందకు పోయింది. లేచింది బావా. మొదట మోకాళ్ళు చాప వదిలాయి, తర్వాత కాలివేళ్ళు. ఆ పిల్ల గాల్లో తన్నుకుంటోంది, అటూ ఇటూ వంగుతోంది, ఇసుక సంచీ కూడా అలాగే వంగేది. తిప్పి పడేసింది. పాయింట్లు తిరగబడ్డాయి. గంట కొట్టారు.

చుట్టూ అరుపులు. నేను లేవలేదు. చప్పట్లు కొట్టలేదు. ఎందుకో తెలుసా? ఆ పట్టులో గాల్లో ఉన్నది నేను. పైనుంచి దీపాలు, కింద చాప, వీపు మీద నీ ఊపిరి, అన్నీ ఆ వరసలోనే గుర్తొచ్చాయి. అప్పుడు వెనక నువ్వేం చేస్తున్నావో నాకు కనబడలేదు. ఇప్పుడు పక్కనుంచి చూశాను. అది అందమైన పట్టు. ఇంతకాలం దాన్ని దొంగతనం అన్నాను. ఆ మాటకొస్తే నీకూ ఆ గెలుపు దక్కలేదు. ఇనుముతో గెలిచానేమోనని నువ్వూ, ఇనుము లేక ఓడానని నేనూ, ఎవరి కుస్తీ వాళ్ళకు కాకుండా పోయింది. దాన్ని ఆ పరీక్ష పెట్టినాయన తీసుకుపోయాడు.

ఉడుము వచ్చి, చెమటతోనే నా మెడకు వేలాడింది. "తాతయ్యా, ఇప్పుడు చెప్పండి, ఎవరి పద్ధతి గెలిచింది?" అంది.

"నీ పద్ధతి" అన్నాను.

"అమ్మయ్య. తాతకు కూడా అదే రాయండి. మార్చకుండా."

మార్చకుండా రాశాను.

వచ్చే నెల శిక్షణ శిబిరానికి వెళుతుంది. పుస్తకాలు మంచం కిందనుంచి తీసి సర్దమంది. సర్దను, అలాగే ఉండనీ. ఇసుక సంచీ మాత్రం నాకిచ్చి పోతోంది. పొద్దున్నే దాన్ని ఒకసారి లేపి కిందపెడుతున్నాను. బైండరు కింద నుంచి చీపురుతో సీలింగు పొడుస్తాడు. ఇంకోసారి లేపుతాను.

అక్కను తీసుకుని రా. ఆ నష్టమెవరిదో మనిద్దరం కూర్చుని తేల్చుకుందాం, తను తీర్పు చెబుతుంది. వచ్చేటప్పుడు వస్తాదు గారి ఫోటోకు నమస్కారం పెట్టే పనిలేదు. తీసెయ్యలేదు, అక్కడే ఉంది, బల్లకు ఎదురుగా. పొద్దున్నే లేచి తిట్టుకోవడానికి ఒక ముఖం కావాలి నాకు, ఈ వయసులో అలవాటు మానలేను. ఇన్నాళ్ళూ ఆ కొలువు నీకిచ్చాను. నమ్మకంగా చేశావు, ఒక్కరోజు సెలవు పెట్టలేదు. నిన్ను ఆ కొలువు నుంచి తీసేశాను.

నా తిట్లకు ఇక ఒక్కడే మిగిలాడు బావా. వస్తాదు.

నీ
బావమరిది